తాతయ్యను దేవుణ్ణి చెయ్యకండి

తాతయ్య పోయిన దగ్గర్నుంచీ ఇంట్లో ఆయన గురించి అనుకునే మాటలు వింటున్నాను. రోజురోజుకీ ఆయన మరీ మంచివారైపోతున్నారు. మొదట్లో "కోపిష్టే గానీ మనసు వెన్న" అనేవాళ్ళు. కొన్నాళ్ళకు ఆ కోపం కాస్తా "ముక్కుసూటితనం" అయింది. ఇప్పుడు "ఒకర్ని పల్లెత్తు మాట అని ఎరగని మనిషి" దాకా వచ్చింది. చచ్చినవాడి కళ్ళు చారెడు అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇలా అనేవాళ్ళ మీద నాకు కోపం లేదు. అందరూ ఆయన కోసం ఏడ్చినవాళ్ళే. కానీ నేను ప్రేమించిన తాతయ్య పల్లెత్తు మాట అనని మనిషి కాదు. గొంతు లేచిందంటే వీధి చివరిదాకా వినిపించేది. ఆ గొంతు తీసేస్తే మిగిలే పెద్దమనిషి ఎవరో నాకు తెలియదు. ఆయన ప్రాణం పోవడం ఎవరి చేతుల్లోనూ లేదు. మన మాటల్లోంచి ఆయన కొంచెం కొంచెంగా జారిపోవడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

తాతయ్యలు పోయినప్పుడు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సంగతి చెప్పగానే అవతలివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎంత వయసుంటుంది?" అని. జవాబు వినగానే వాళ్ళ గొంతు తేలికపడుతుంది. "పోన్లే, నిండు జీవితం చూశారు", "మంచాన పడకుండా వెళ్ళిపోయారు, అదృష్టవంతులు". అదృష్టం ఆయనది అయ్యుండొచ్చు. నా సంగతి వేరు. నేను పుట్టినప్పటి నుంచీ ఉన్న మనిషి ఇప్పుడు లేరు. ఆయన లేని ఇల్లు ఎలా ఉంటుందో నాకు అంతకుముందు తెలియనే తెలియదు. అమ్మో నాన్నో పోతే జాలిపడే ప్రపంచం, తాతయ్య పోతే రెండు రోజుల్లో మామూలైపొమ్మంటుంది. కెన్నెత్ డోకా అనే అమెరికన్ పరిశోధకుడు 1989లో ఇలాంటి దుఃఖాల గురించే ప్రత్యేకంగా రాశారు. బాధ ఉంటుంది, కానీ దాన్ని బయటికి చెప్పుకునే హక్కు ఉందని చుట్టూ ఉన్నవాళ్ళు ఒప్పుకోరు. పెద్దవాళ్ళు పోయినప్పుడు మనవలకు జరిగేది సరిగ్గా ఇదే.

"పెద్ద వయసు" అని ఒకరు, "పెద్ద మనసు" అని ఇంకొకరు. రెండూ ఓదార్పు మాటలే. రెండు మాటలతోనూ ఆ మనిషి గురించిన మాట అక్కడితో ముగిసిపోతుంది. ఆ తర్వాత ఇంకేం చెప్పినా సాగదీసినట్టు ఉంటుంది. నాకు మాత్రం ఆయన గురించి ఇంకా చాలా చెప్పాలని ఉంది.

తాతయ్యకు ఒక రేకు డబ్బా ఉండేది. దాని నిండా ఖాళీ మందు సీసాలు, వాటి నిండా స్క్రూలు. ఇంట్లో ఏ వస్తువు పాడైపోయినా పారెయ్యడానికి ముందు ఆయన దాన్ని ముందు వేసుకుని కూర్చునేవారు. ఒక్కో స్క్రూ విప్పి, గుడ్డతో తుడిచి, సీసాలో వేసి, పైన కాగితం అతికించేవారు. ఆ కాగితం మీద సైజు రాసేవారు కాదు. "మేడ మీది ఫ్యాను", "పెద్దోడి సైకిలు", "పాత రేడియో, ఎడమ వైపు" అని రాసేవారు. ఏ స్క్రూ కావాల్సి వచ్చినా ఆయనకు సైజు గుర్తుకొచ్చేది కాదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుకొచ్చేది. "ఇది రేడియో వాళ్ళ చుట్టం" అనేవారు, రెండు స్క్రూలు ఒకే రకంగా కనిపిస్తే. ఆయన కుడి బొటనవేలి గోరు మందంగా, అంచు చదునుగా ఉండేది. చిన్న స్క్రూలకు ఆ గోరే స్క్రూడ్రైవరు.

పిల్లలు ఎవరైనా ఒక స్క్రూ పోగొడితే ఇక ఇంట్లో అందరికీ టెన్షనే. మంచాలు జరపాలి, చాపలు దులపాలి, దొరికేదాకా ఎవరూ కదలకూడదు. దొరక్కపోతే ఆయన తిట్టేవారు, బాగా తిట్టేవారు. తిట్టడం అయ్యాక మాట్లాడటం మానేసేవారు. ఆ మౌనం తిట్లకంటే కష్టం. మా అక్కకు పరీక్షలున్నాయని కూడా చూడకుండా ఒకసారి రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఏమీ జరగనట్టు వచ్చి అక్క పక్కన కూర్చుని, "ఆ లెక్క ఎక్కడ ఆగిపోయింది?" అని అడిగారు.

ఇవి చెబుతుంటే బాబాయికి నచ్చలేదు. "మంచం కింద స్క్రూల కోసం వెతికించడం గురించి రాస్తావేంట్రా, ఆయన ఎంతమందికి సాయం చేశారో రాయి" అన్నాడు. సాయం చేశారు, నిజమే. కానీ "ఎంతోమందికి సాయం చేశారు" అనే మాట ఎవరి తాతయ్య గురించైనా రాయొచ్చు. స్క్రూ సీసా మీద "పాత రేడియో, ఎడమ వైపు" అని రాసిన మనిషి ఆయన ఒక్కరే.

దుఃఖం గురించి మనం వినే సలహాల్లో చాలావరకు దాన్ని ముగించమని చెప్పేవే. "మర్చిపో, ముందుకు సాగు" అంటారు. దీని వెనక కొంత పెద్దపెద్ద వాళ్ళ ఆలోచన ఉంది. మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1917లో అచ్చయిన వ్యాసంలో, దుఃఖం చేసే పని పోయినవాళ్ళ మీద పెట్టుకున్న మమకారాన్ని ఒక్కొక్క జ్ఞాపకంగా విప్పుకోవడమే అన్నట్టు రాశారు. ఆ పని పూర్తయితే మనసుకు మళ్ళీ స్వేచ్ఛ. తర్వాత 1920లో ఆయన కూతురు సోఫీ చనిపోయింది. 1923లో ఆమె చిన్న కొడుకు, నాలుగేళ్ళ మనవడు, క్షయతో పోయాడు. ఆ మనవడంటే ఫ్రాయిడ్‌కు ప్రాణం. 1929లో, కొడుకును పోగొట్టుకున్న స్విస్ వైద్యుడు బిన్స్‌వాంగర్‌కు ఆయన ఒక ఉత్తరం రాశారు. తీవ్రమైన శోకం తగ్గుతుందని తెలిసినా ఓదార్పు మాత్రం దొరకదనీ, ఆ ఖాళీలోకి ఏది వచ్చినా అది వేరేదే అవుతుందనీ, అలా ఉండటమే సరైనదనీ దాని సారం. 1917 నాటి సిద్ధాంతం కంటే ఈ ఉత్తరాన్నే నేను ఎక్కువ నమ్ముతాను. అది రాసింది ఒక తాతయ్య.

దుఃఖానికి ఐదు దశలుంటాయనే మాట కూడా అలాంటిదే. నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం అని మనకు చెబుతుంటారు. ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో ఆ దశలను రాసింది మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడి. పోయినవాళ్ళ కోసం ఏడ్చే ఇంటివాళ్ళు మెట్లు ఎక్కినట్టు ఒక్కో దశా దాటాలనే లెక్క ఆ తర్వాత జనంలో స్థిరపడింది. 1996 నాటికి డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ అనే ముగ్గురు పరిశోధకులు దీనికి దాదాపు ఎదురు మాట చెప్పారు. చాలామంది పోయినవాళ్ళతో సంబంధాన్ని తెంచుకోరు, దాన్ని మార్చుకుని కొనసాగిస్తారు, అందులో రోగం ఏమీ లేదు అని. అంతకుముందే 1971లో డేవి రీస్ అనే వైద్యుడు వేల్స్‌లో భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడితే, దాదాపు సగం మంది పోయినవాళ్ళు దగ్గర్లోనే ఉన్నట్టు అనిపించిందనో, కనిపించారనో, వినిపించారనో చెప్పారు. వాళ్ళలో ఎక్కువమంది ఆ సంగతి అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు. గదిలోకి వచ్చే ముందు తాతయ్య గొంతు సవరించుకునే చప్పుడు నాకు ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తుంది. భయం వెయ్యదు. పుస్తకం మూసి కాళ్ళు కిందికి దించుతాను, అంతే.

నెలల తరబడి రోజువారీ పనులు కూడా సాగనంత దుఃఖం అయితే వేరే సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో కనీసం ఆరు నెలలు, అమెరికన్ మానసిక వైద్యుల 2022 నాటి గ్రంథంలో పెద్దవాళ్ళకు ఏడాది గడువు పెట్టి, అది దాటాక కూడా మనిషిని కుంగదీస్తున్న దుఃఖాన్ని రుగ్మతగా లెక్కగట్టారు. అలాంటివాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నేను మాట్లాడుతున్నది మిగతా అందరి గురించి.

సంబంధం కొనసాగుతుందన్నారు సరే. ఎవరితో? నా వాదన అంతా ఇక్కడే ఉంది. పల్లెత్తు మాట అనని పుణ్యపురుషుడితో నాకు సంబంధం కుదరదు. ఆయనతో నాకు పరిచయమే లేదు.

ఇక అందరూ దాటవేసే సంగతికి వస్తాను. తాతయ్య మా అత్త చదువు ఆపించారు. అత్తకు చదువంటే ప్రాణం, మార్కులు కూడా బాబాయికంటే ఎక్కువ. అయినా ఇద్దరినీ చదివించే స్తోమత లేదని బాబాయిని పంపి అత్తను ఇంట్లో కూర్చోబెట్టారు. అత్త అడిగింది, ఏడ్చింది, అన్నం మానేసింది. ఆయన మెత్తబడలేదు. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన పోయాక ఎవరూ ఎత్తడం లేదు. అత్త మాత్రం నాతో ఒక మాట అంది: "మీకు తాతయ్యరా. నాకు నాన్న. ఇద్దరూ ఒకరు కారు."

మా అక్క పెద్దదవుతున్నప్పుడు ఇంకొకటి జరిగింది. అక్కకు లెక్కలు రాక, ఇక చదవనని మొండికేస్తే, ఇంట్లో అందరూ "పోనీలే" అన్నారు. తాతయ్య ఒప్పుకోలేదు. కళ్ళు సరిగా కనిపించని వయసులో పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని ముందు తాను నేర్చుకుని, తర్వాత అక్కకు చెప్పేవారు. రాత్రి ఎంతసేపైనా సరే. అక్క నిద్రపోతే లేపేవారు కాదు, తాను మేలుకుని మర్నాటి లెక్క చేసిపెట్టేవారు. అక్క గట్టెక్కింది. కాలేజీ దరఖాస్తు నింపే రోజు ఆయన పెన్ను తీసి పక్కనే ఉన్న అత్త చేతిలో పెట్టి, "నువ్వు రాయమ్మా, నీ దస్తూరీ బాగుంటుంది" అన్నారు.

అక్క దృష్టిలో అది చూపు ఆనక చేసిన పని. అత్త దృష్టిలో అది ఆయన జీవితంలో చెప్పిన ఒకే ఒక్క క్షమాపణ. ఎవరిది నిజమో తేల్చడానికి ఆయన లేరు. తేల్చాలని నాకు లేదు కూడా. కానీ చూడండి: అత్త చదువు ఆపిన సంగతి మనం దాచేస్తే, పెన్ను ఇచ్చిన సంగతికి అర్థమే లేదు. రాత్రుళ్ళు మేలుకుని లెక్కలు నేర్చుకున్న ముసలాయన వట్టి మంచి తాతయ్యగా మిగిలిపోతారు. ఆయన మారారు. ఆ వయసులో మారడం ఎంత కష్టమో ఆలోచిస్తే నాకు ఆయన మీద గౌరవం రెట్టింపవుతుంది. తప్పును చెరిపేస్తే ఆ మార్పు కూడా చెరిగిపోతుంది. ఆయన గురించి చెప్పుకోదగ్గ గొప్ప సంగతి ఏదైనా ఉంటే అదే, దాన్నే మనం దాచేస్తున్నాం.

బాబాయి దీనికి ఒక మాట అన్నాడు, కొట్టిపారెయ్యలేని మాట. "పోయిన మనిషి వచ్చి తన వైపు చెప్పుకోలేడు. బతికున్నప్పుడు అడగనివి ఇప్పుడు రాయడం న్యాయమా?" అని. న్యాయం కాదేమో అని నేనూ ఆలోచించాను. చివరికి నాకు తోచింది ఇది. తీర్పు రాస్తే అన్యాయం. "ఆయన ఆడపిల్లల్ని చిన్నచూపు చూశారు" అని నేను రాయకూడదు, ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు. ఏం జరిగింది, అప్పుడు ఆయన నోటివెంట ఏ మాట వచ్చింది, ఇది ఎవరు చెప్పారు, వాళ్ళు అప్పుడు అక్కడ ఉన్నారా, విన్నారా అన్నది రాయొచ్చు. పొగడ్త కూడా తీర్పే కదా. "మహానుభావుడు" అని రాసేటప్పుడు ఆయన్ని ఎవరూ అడగడం లేదు.

ఎందుకింత తొందర అంటే, జ్ఞాపకం నిలవ ఉండదు. 1932లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే కేంబ్రిడ్జి మనస్తత్వ శాస్త్రవేత్త తన ప్రయోగాల గురించి రాశారు. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి చదివించి, కొంతకాలం ఆగి గుర్తున్నది చెప్పమన్నారు. చెప్పిన ప్రతిసారీ కథ కుదించుకుపోయింది. వింతగా ఉన్న భాగాలు జారిపోయాయి. సీళ్ళను వేటాడటానికి వెళ్ళినవాళ్ళు కాస్తా చేపలు పట్టడానికి వెళ్ళినవాళ్ళయ్యారు. ఎవరూ కావాలని అబద్ధం చెప్పలేదు, తమకు అలవాటైన మూసలోకి కథను సర్దుకున్నారు. తాతయ్య కోపం ముక్కుసూటితనం అయిందీ అలాగే. మంచి తాతయ్య అంటే ఎలా ఉండాలో అందరి మనసుల్లోనూ ఒక మూస ఉంది. ఆయన్ని తలుచుకున్న ప్రతిసారీ ఆ మూసకు పట్టని అంచు ఒకటి అరిగిపోతోంది. ఆ బొటనవేలి గోరు, ఆ రెండు రోజుల మౌనం, ఇవే ముందు పోతాయి.

మూడు నాలుగు తరాలు దాటితే మాట మీద నిలిచే జ్ఞాపకం పోతుందని, దాని ఆయుష్షు ఎనభై నుంచి నూరేళ్ళని జర్మన్ పండితుడు యాన్ అస్మన్ లెక్కగట్టారు. దీనికి మా ఇంట్లోనే రుజువుంది. తాతయ్య వాళ్ళ తాతయ్య గురించి మాకు మిగిలింది ఒక్క ముక్క: "చాలా మంచివారట." పొడుగో పొట్టో తెలియదు. దేనికి నవ్వేవారో, దేనికి భయపడేవారో తెలియదు. ఆయన పోయినప్పుడు కూడా ఎవరో ఒకరు నాలాగే ఏడ్చుంటారు. ఆ ఏడ్చినవాళ్ళకు ఆయన గొంతు, నడక, కోపం అన్నీ తెలుసు. మాదాకా వచ్చింది మాత్రం ఆ పొగడ్త ఒక్కటే.

పిల్లలకు చెడ్డ సంగతులు చెప్పడం ఎందుకని అడిగేవాళ్ళున్నారు. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ పిల్లల్ని కుటుంబం గురించి 20 ప్రశ్నలు అడిగారు. అమ్మానాన్నలు ఎలా కలుసుకున్నారో తెలుసా, ఇంట్లో ఎవరికైనా పెద్ద కష్టం వచ్చిందా, అలాంటివి. ఎక్కువ జవాబులు తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం, తమ జీవితం తమ చేతిలో ఉందన్న నమ్మకం ఎక్కువగా కనిపించాయి. జవాబులు బట్టీ పట్టిస్తే పిల్లలు గట్టిపడతారని దీని అర్థం కాదు. అవి తెలియాలంటే ఇంట్లో పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడే అలవాటు ఉండాలి, అసలు బలం అక్కడుంది. ఇంకో సంగతి, "మనవాళ్ళు ఎప్పుడూ గొప్పవాళ్ళే" అనే కథ కంటే, "లేచాం, పడ్డాం, మళ్ళీ లేచాం" అనే కథ పిల్లలకు ఎక్కువ మేలు చేస్తుందని డ్యూక్ అంటారు. పడిన చోటును కత్తిరించి చెబితే వాళ్ళకు అందేది సగమే.

ఈ మధ్య మా తమ్ముడు ఒక పని చేశాడు. పాత ఫొటోలోని ముఖాన్ని కదిలించే సౌకర్యం ఒకటి 2021లో బాగా ప్రచారంలోకి వచ్చింది కదా, అలాంటిదాంట్లో తాతయ్య ఫొటో పెట్టాడు. తాతయ్య కళ్ళు ఆర్పారు, తల తిప్పారు, మెల్లగా నవ్వారు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నాయనమ్మ ఒక్కతే ఫోను పక్కన పెట్టి, "ఈయన ఇలా నవ్వరు" అంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. అలాంటి వాటిలో ఆ కదలికలు ముందే రికార్డు చేసిపెట్టుకున్న వేరే మనుషులవి. తాతయ్య నవ్వితే ముందు ఎడమ భుజం కదిలేది, నవ్వు ముఖం దాకా రావడానికి కాస్త టైము పట్టేది. ఏ యంత్రానికీ అది తెలిసే వీల్లేదు, ఎవరైనా చెబితే తప్ప. తమ్ముడి ప్రేమను నేను తప్పుపట్టను. కానీ మన పొగడ్తలు చేసే పనే ఆ వీడియో కూడా చేసింది: ఎవరిదో నవ్వు తెచ్చి ఆయన ముఖానికి అతికించింది.

ఆయన సొంత గొంతు ఉన్న చోటు వేరే ఉంది, ఆయన ఫోను. అందులో ఆయన పంపిన వాయిస్ మెసేజులు, తీసిన వంకర ఫొటోలు ఉన్నాయి. మీ ఇంట్లో కూడా ఇలాంటి ఫోను ఉంటే ఒక జాగ్రత్త చెబుతాను. రెండేళ్ళు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాలను, అందులోని మెయిళ్ళు, ఫొటోలతో సహా తొలగించవచ్చని గూగుల్ 2023లో ప్రకటించింది. పోయినవాళ్ళ ఫోను సొరుగులో పెట్టి తాళం వేస్తే భద్రంగా ఉన్నట్టు కాదు. ఉన్నవాటిని కాపీ చేసి ఇద్దరు ముగ్గురి దగ్గర పెట్టండి. తాతయ్య మెసేజుల్లో ఎక్కువ భాగం "ఆఁ, నొక్కానా? నొక్కాను. వినిపిస్తోందా?" అని మొదలవుతాయి. అసలు సంగతి ఎప్పుడూ ఆఖర్న వస్తుంది, "సరే మరి" అని ఠక్కున ఆగిపోతుంది. ఏ ఒక్కటీ కత్తిరించకుండా దాచాను.

మిగతాది మనుషుల దగ్గర ఉంది, అడిగి రాబట్టాలి. అడగడంలో ఒక మెలకువ పట్టుబడింది నాకు. "తాతయ్య ఎలాంటివారు?" అని అడిగితే ఎవరైనా "బంగారం లాంటి మనిషి" అంటారు, అక్కడితో సరి. "కోపం వస్తే చేతులు ఎక్కడ పెట్టుకునేవారు?", "ఎవరి ముందు గొంతు తగ్గేది?", "ఏ పని చేస్తే నీకు విసుగొచ్చేది?" అని అడిగితే మనిషి బయటికి వస్తారు. ఈ విషయంలో నాయనమ్మను మించిన సాక్షి లేదు. ఆవిడ ఆయన్ని పొగడదు, తిట్టదు, సవరిస్తుంది. నేను రాసింది చదివి వినిపిస్తే, "రెండు రోజులు కాదు, మూడు" అంటుంది. "తిట్టి పడుకున్నాక ఆయనకు నిద్ర పట్టేది కాదు, అది కూడా రాయి" అంటుంది. రాశాను.

ఇప్పటికి ఒక నోటుబుక్కు సగం నిండింది. అత్త మాటలు అత్త మాటలుగానే, అక్క మాటలు అక్క మాటలుగానే ఉన్నాయి. పెన్ను ఇచ్చిన రోజు గురించి రెండు కథలూ ఎదురెదురు పేజీల్లో రాశాను. అత్త తన పేజీ చదివి ఒక్క వాక్యం కొట్టేయించింది. ఆ రోజు తాను ఏడ్చానని రాశాను, "ఏడవలేదు, రాశాను" అంది. దిద్దాను.

బాబాయి మొన్న ఫోన్ చేసి, తానూ రాస్తానన్నాడు. అత్త చదువు ఆగిన ఏడాది తన ఫీజు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తనకు తెలుసట, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదట. నాకు చెప్పొద్దు, నువ్వే రాయి బాబాయ్ అన్నాను. ఆయన కోసం నాలుగు పేజీలు ఖాళీగా వదిలాను.